ముందు కాయ, ఆ తర్వాతే స్లైడు: దృశ్య సాధనాలతో ప్రెజెంటేషన్ ఇవ్వడానికి ఒక సమగ్ర మార్గదర్శి

ప్రెజెంటేషన్ ఇవ్వాలని కబురు రాగానే మనలో చాలామందిమి చేసే మొదటి పని ల్యాప్‌టాప్ తెరిచి, నిరుడు వాడిన ఫైలును వెతికి పట్టుకుని, మొదటి స్లైడు మీద తేదీ మార్చడం. వ్యవసాయ విస్తరణ పనిలో ఉన్న నేను కూడా కొన్నేళ్ళపాటు అలాగే నెట్టుకొచ్చాను. స్లైడ్లు సిద్ధమైతే ప్రసంగం సిద్ధమైనట్టేనన్న భ్రమ అందులో ఉంది. నిజానికి స్లైడు చిట్టచివర చేయవలసిన పని. కొన్ని విషయాలకైతే అసలు చేయనక్కర్లేని పని. చేతికిచ్చి చూపగలిగినదాన్ని చేతికే ఇవ్వాలి, అలా ఇవ్వలేనిదాన్ని మాత్రమే తెర మీద చూపాలి.

ఈ మాట గాలిలో ఉండిపోకుండా ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని నడుస్తాను. సెప్టెంబరు నెలాఖరులో ఒక మధ్యాహ్నం, తెలంగాణలో ఒక రైతు వేదికలో, 50 నుంచి 60 మంది పత్తి రైతులకు, కాయ లోపల దాగి తినేసే గులాబీ రంగు పురుగు గురించి 45 నిమిషాలు చెప్పాలి అనుకుందాం. ఎండ నేరుగా తెర మీద పడే హాలు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు, మన కన్నా పంటను ఎక్కువ కాలం చూసిన శ్రోతలు, వినేవారి చేతిలో పెట్టగలిగిన ఒక కాయ – ప్రెజెంటేషన్‌లో ఎదురయ్యే చిక్కులన్నీ, దొరికే అవకాశాలన్నీ ఈ ఒక్క సందర్భంలోనే ఉన్నాయి. కాలేజీలో ప్రాజెక్టు రివ్యూకు నిలబడే విద్యార్థి అయినా, ఆఫీసులో నెలవారీ సమీక్షకు లెక్కలు చూపే ఉద్యోగి అయినా వరుస ఇదే, మారేది సరుకే.

1. రేపు పొద్దున ఏం జరగాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

"గులాబీ రంగు పురుగు – సమగ్ర యాజమాన్యం" అన్నది విషయం మాత్రమే, లక్ష్యం కాదు. లక్ష్యం ఇలా ఉండాలి: "ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళిన రైతు రేపు పొద్దున తన చేలో 20 పచ్చికాయలు తెంపి, కోసి, లోపల బతికి ఉన్న పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి." ఈ వాక్యంలో ఒక మనిషి ఉన్నాడు, ఒక పని ఉంది, ఒక సమయం ఉంది, ఒక అంకె ఉంది. ఇది రాసుకున్న తర్వాత మిగతా సమాచారాన్నంతటినీ దీని ముందు నిలబెట్టి, ఈ పనికి సాయపడుతుందా లేదా అని అడగాలి. పురుగు శాస్త్రీయ నామం సాయపడదు, తీసేయండి. ఏయే ఉష్ణోగ్రతల్లో గుడ్డు ఎన్ని రోజులకు పగులుతుందో చెప్పే పట్టిక సాయపడదు, అదీ తీసేయండి. పురుగు మందుల పేర్లు, మోతాదులు అవసరమే, కానీ అవి విని గుర్తుపెట్టుకోవలసినవి కావు. ఒక సున్నా అటూ ఇటూ అయితే నష్టం జరిగే అంకెలు కాబట్టి వాటిని అచ్చు వేసిన కరపత్రంలో ఇవ్వాలి, తెర మీద కాదు.

తీసేయడమే కష్టం. సేకరించిన సమాచారం మీద మనకు మమకారం ఉంటుంది, పైగా అన్నీ చెప్పకపోతే పై అధికారి ఏమనుకుంటారోనన్న బెరుకు కూడా ఉంటుంది. ఆ సమాచారాన్ని పారేయనక్కర్లేదు, ప్రశ్నల సమయం కోసం దాచుకోవచ్చు. ఎలాగో తర్వాత చెబుతాను.

2. గదిని, మనుషులను ముందే చూసి రండి

గదిని చూడటానికి ఏదో ఒక వేళ వెళ్ళడం కాదు, ప్రసంగం ఏ వేళకు ఉందో ఆ వేళకే వెళ్ళాలి. పొద్దున చీకటిగా ఉన్న హాలు మధ్యాహ్నం 3 గంటలకు పడమటి కిటికీల వల్ల తెల్లగా వెలిగిపోతుంది, అప్పుడు తెర మీది బొమ్మ కడిగేసినట్టు కనిపిస్తుంది. తెరను కిటికీలకు ఎదురుగా కాక, కిటికీలున్న గోడ వైపుకు జరపగలరేమో, కిటికీలకు దుప్పట్లు కట్టడం వీలవుతుందేమో చూడండి. గదిని పూర్తిగా చీకటి చేయడం కుదరదు, చేయకూడదు కూడా; భోజనం చేసి వచ్చిన మనిషికి చీకటి గది ఇస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.

ఆ తర్వాత చివరి వరుసలో కూర్చుని తెర వైపు చూడండి. ముందు వరుసల వారి తలలు, తలపాగాలు తెర కింది భాగాన్ని ఎంత కమ్మేస్తాయో అక్కడి నుంచే తెలుస్తుంది. సాధారణంగా కింది మూడో వంతు పోతుంది, కాబట్టి స్లైడులో ముఖ్యమైనదేదీ ఆ భాగంలో పెట్టకూడదు. ప్లగ్ పాయింటు ఎక్కడుంది, త్రీ పిన్నా కాదా, ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు నడిచే దారిలో పడుతుందా, ఫ్యాన్లు తిరుగుతుంటే మైకు లేకుండా గొంతు చివరి వరకు వినిపిస్తుందా అన్నవి చిన్న సంగతులే, కానీ ఆ రోజు ఇబ్బంది పెట్టేవి ఇవే.

మనుషుల గురించి తెలుసుకోవడానికి ఊళ్ళో ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే చాలు. ఆ ఊరి వాళ్ళు ఏ మాట వాడతారో ఆ మాటే వాడాలి. పుస్తకంలో "పూమొగ్గ దశ" అని ఉంటుంది, రైతు "గూడ" అంటాడు. రేకలు విచ్చుకోకుండా ముడుచుకుపోయి, లోపల పురుగు దాగి ఉన్న పువ్వును "గుడ్డిపువ్వు" అంటారు. దానికి ఇంతకన్నా మంచి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకో మాట: పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళు. కాయను అందరి కన్నా దగ్గరగా చూసేది వాళ్ళే, కానీ ఇలాంటి సభలకు పిలుపు పట్టాదారుకే వెళుతుంది. నిర్వాహకులతో మాట్లాడి వాళ్ళను కూడా పిలిపించండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి.

3. ప్రసంగాన్ని కాగితం మీద కట్టండి

ల్యాప్‌టాప్ ఇంకా తెరవకండి. తెల్లకాగితం మీద 45 నిమిషాలను నాలుగు ముక్కలు చేయండి. మొదటి 5 నిమిషాల్లో అందరి ముందు ఒక కాయను కోయాలి. తర్వాతి 15 నిమిషాల్లో ఈ పురుగు ఎందుకు కంటపడదో, దాని జాడ ఎలా పట్టుకోవాలో చెప్పాలి. ఆ తర్వాత 12 నిమిషాలు రైతులే కాయలు కోసి లెక్కపెట్టాలి. మిగిలిన 13 నిమిషాలు ప్రశ్నలకు. ఇందులో మనం ఏకబిగిన మాట్లాడేది 20 నిమిషాలే అని గమనించండి. తయారీకి పట్టే సమయం మాత్రం దానికి తగ్గట్టు తగ్గదు.

ఆ 20 నిమిషాల్లో చెప్పే ప్రతి మాటనూ ఒక పూర్తి వాక్యంగా రాసుకోండి. "లక్షణాలు" అని రాసుకుంటే అక్కడ ఏం చెప్పాలో ఆ క్షణానికి మళ్ళీ వెతుక్కోవాలి. "పురుగు లోపలికి వెళ్ళిన రంధ్రం పూడుకుపోతుంది, అందుకే కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది" అని రాసుకుంటే చెప్పాల్సింది తేలిపోతుంది, పక్కన ఏం చూపాలో కూడా ఆ వాక్యమే చెబుతుంది.

4. ఏ మాటకు ఏ సాధనం

రాసుకున్న ప్రతి వాక్యం పక్కన "దీన్ని దేనితో చూపాలి?" అని రాయండి. జవాబును ఈ వరుసలో వెతకాలి: అసలు వస్తువు దొరుకుతుందా? దొరక్కపోతే నమూనా ఉందా? అదీ లేకపోతే ఫొటో. ఫొటోలో పట్టని సంగతి అయితే గీసిన బొమ్మ లేదా గ్రాఫు. ఇవేవీ పనికిరాకపోతేనే అక్షరాలు. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు, ముందే అక్షరాలతో మొదలుపెట్టి చోటు మిగిలితే ఒక మూలన బొమ్మ అతికిస్తాం.

మన ఉదాహరణలో అసలు వస్తువు కాయే. అదే ఊరి చేలలోంచి, అదే పొద్దున తెంపినవి కావాలి, పక్క మండలం నుంచి తెచ్చినవైతే "మా ఊళ్ళో లేదు సార్" అన్న ఒక్క మాటతో పని చెడుతుంది. మరీ లేతవి కాకుండా, మరీ ముదిరినవి కాకుండా ఉన్న పచ్చికాయలు ఒక వంద దాకా వేర్వేరు చేలలో తెంపి, గుడ్డ సంచిలో వేసుకోండి. పాలిథిన్ కవరులో చెమ్మ పట్టి మధ్యాహ్నానికి కమిలిపోతాయి. పదునైన చాకులు ఆరు, తెల్ల పేపరు ప్లేట్లు ఒక కట్ట, చిన్న భూతద్దాలు నాలుగు తీసుకోండి. ప్లేటు తెల్లగా ఉండటం ముఖ్యం. చిన్నప్పుడు ఈ పురుగు తెల్లగానే ఉంటుంది, ఎదిగిన తర్వాతే గులాబీ రంగు తేలుతుంది. ఆకుపచ్చ తొక్క, తెల్లని దూది నడుమ ఒదిగి ఉన్న ఆ చిన్న ప్రాణిని చాకు మొనతో తీసి ప్లేటు మీద పెడితే, అది కదిలినప్పుడు చుట్టూ ఉన్న పదిమంది ఒకేసారి ముందుకు వంగుతారు. అంత పని చేసే స్లైడును నేనింతవరకు తయారు చేయలేకపోయాను.

వస్తువును చేతులు మార్చడంలో ఒక చిక్కుంది. ఒకటే వస్తువును మొదటి వరుసలో ఇచ్చి మాట్లాడటం కొనసాగిస్తే, అది ఎక్కడుంటే చూపులు అక్కడే ఉంటాయి. చివరి వరుసకు చేరేసరికి మీరు మూడు విషయాలు దాటిపోయి ఉంటారు. వరుసకు ఒకటి చొప్పున ఇచ్చి, అందరూ చూసేదాకా మాట్లాడకుండా ఆగాలి, లేదంటే అభ్యాసం సమయంలోనే ఇవ్వాలి. కరపత్రం సంగతీ అంతే. ముందే పంచితే అందరూ అదే చదువుతూ కూర్చుంటారు. చివర్లో, వెళ్ళేటప్పుడు ఇవ్వండి.

రెండో వస్తువు లింగాకర్షక బుట్ట, అంటే ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే ఉచ్చు. దాన్ని మేకుకు తగిలించి ఊరికే చూపకుండా, ఆ వాసన ఉండే గాసిప్లూర్ ఎరను ఎక్కడ, ఎలా పెట్టాలో అందరి ముందు పెట్టి చూపండి. ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చాలన్న మాట విన్న వెంటనే మరుపున పడుతుంది. బుట్ట మీద మార్కరుతో ఎర పెట్టిన తేదీ రాసి చూపితే రైతు కూడా తన బుట్ట మీద రాసుకుంటాడు.

ఇక చార్టు. ప్రొజెక్టరు వచ్చాక చార్టును అటకెక్కించాం కానీ, దానికి ఉన్న ఒక్క సుగుణం తెరకు లేదు: చార్టు మీద రాసింది సభ అయ్యేదాకా అక్కడే ఉంటుంది. స్లైడు మారితే వెనకటిది మాయమైపోతుంది. అందుకే రైతు గుర్తుంచుకోవలసిన రెండు హద్దులను చార్టు మీద రాసి గోడకు అంటించాలి. ఒకటి, బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడటం. రెండు, కోసిన 20 పచ్చికాయల్లో 2 బతికున్న పురుగులు కనిపించడం, అంటే 10 శాతం. ఈ రెండింటిలో ఏది కనిపించినా మందు గురించి ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే. చార్టు మీద అక్షరం ఎంత ఉండాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది: చూసేవారు 10 అడుగుల దూరంలో ఉంటే అంగుళం ఎత్తు, 30 అడుగుల దూరంలో ఉంటే 3 అంగుళాలు. తెలుగులో ఈ కొలతను గుడి, కొమ్ము, వత్తు కలపకుండా ఒట్టి అక్షరానికే వేసుకోవాలి. నలుపు, ముదురు నీలం దూరానికి ఆనతాయి. పసుపు, లేత ఆకుపచ్చ మార్కర్లు బల్ల దగ్గర బాగానే కనిపించి గోడకెక్కగానే మాయమవుతాయి.

వీడియో గురించి ఒక్క మాటే. కదలికను చూపాల్సి వస్తేనే వీడియో పెట్టాలి, అది నిమిషం దాటకూడదు, శబ్దం ఆపేసి దాని మీద మీరే మాట్లాడాలి.

5. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవండి

చేతికి ఇవ్వగలిగినవన్నీ పక్కకు పోయాక తెరకు మిగిలేవి తక్కువ. మన 45 నిమిషాల సభకు 10 నుంచి 12 స్లైడ్లు చాలు. గుడ్డిపువ్వు దగ్గరి ఫొటో, పూడుకుపోయిన రంధ్రం ఫొటో, రెండు గింజలను కలిపి అందులో దాగిన పురుగు ఫొటో, బుట్టల్లో పడిన రెక్కల పురుగుల గ్రాఫు, పంట కాలంలో ఎప్పుడేం చేయాలో చూపే ఒక అడ్డగీత – దాదాపు ఇంతే.

ప్రతి స్లైడుకు శీర్షికగా పేరు కాదు, వాక్యం పెట్టండి. "నష్ట లక్షణాలు" అన్న శీర్షిక చదివిన మనిషికి ఏమీ తెలియదు. "పైకి బాగున్న కాయ లోపల తినేసి ఉండొచ్చు" అన్నది చదివితే ఆ తర్వాత మీరు ఒక్క మాట మాట్లాడకపోయినా విషయం చేరినట్టే. కింద మళ్ళీ చుక్కలు పెట్టి ఐదు లైన్లు రాయకండి. చదవడమూ వినడమూ ఒకేసారి ఎవరి వల్లా కాదు.

తెలుగు ఫాంట్ల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నా అనుభవంలో ఎక్కువ ప్రెజెంటేషన్లు చెడింది ఇక్కడే. డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్ల వంటివి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతం) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఒకసారి నేను బయట టైపు చేయించుకున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, అక్కడి కంప్యూటర్లో తెరిచాను. మొదటి స్లైడు మీద గజిబిజి గుర్తుల వరుస ఒకటి ప్రత్యక్షమైంది. ముందు వరుసలో ఉన్న పెద్దాయన ఒకరు కాసేపు దాన్ని పరీక్షగా చూసి, "సార్, గిది పురుగు భాషనా?" అన్నారు. సభంతా నవ్వింది, నేనూ నవ్వాను, కానీ తప్పు నాదే.

కాబట్టి యూనికోడ్ ఫాంటులోనే టైపు చేయండి. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అన్న ఫాంటు వస్తోంది, అందులో తెలుగు ఉంటుంది. పాత రోజుల గౌతమి విండోస్ 10లో దానంతటది ఉండకపోవచ్చు, విడిగా చేర్చుకోవలసి వస్తుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ వరకు వెళ్ళి, ఫాంట్లను ఫైలులోనే పొదిగే ఎంబెడ్ ఫాంట్స్ గడిని టిక్ చేయండి. ఇంత చేసినా నమ్మకం లేకపోతే, ఉండకూడదు కూడా, అదే ఫైలును పీడీఎఫ్‌గా మరో కాపీ చేసి పెట్టుకోండి; పీడీఎఫ్‌లో అక్షరం చెదరదు.

తెలుగు లిపికి ఇంగ్లిష్ కన్నా నిలువు చోటు ఎక్కువ కావాలి. పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంటే చదివేవారు తడబడతారు. లైన్ల మధ్య ఎడాన్ని 1.2 లేదా అంతకన్నా కొంచెం ఎక్కువ పెట్టండి, అక్షరం సైజు 32 పాయింట్లకు తగ్గనివ్వకండి. మరీ బొద్దు అక్షరాల్లో "క్ష్మ", "త్స్య" వంటివి పూడుకుపోయి నల్లటి ముద్దలా కనిపిస్తాయి. అక్షరాలను పక్కకు వాల్చడం, నీడలు పెట్టడం, అక్షరాల మధ్య ఖాళీ సాగదీయడం తెలుగుకు నప్పవు.

ఫొటోలు వీలైనంత వరకు మీరే తీయండి. కాయ పక్కన అగ్గిపుల్ల పెట్టి తీస్తే పురుగు సైజు ఎంతో చెప్పనక్కర్లేదు, లేకపోతే గోడంత తెర మీద అది పాములా కనిపిస్తుంది. చూడవలసిన చోట ఒక గుండ్రటి గీత గీయండి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపుకోండి లేదా కేబుల్‌తో ఎక్కించుకోండి. వెలుతురున్న హాలులో ముదురు నేపథ్యం మీద తెల్లని అక్షరాలు తేలవు, తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలే శ్రేయస్కరం.

గ్రాఫును ఎలా కట్టాలో ఒక నమూనా చూద్దాం. ఒక బుట్టలో ఆరు రాత్రులు వరుసగా 4, 6, 7, 9, 10, 12 రెక్కల పురుగులు పడ్డాయనుకోండి. ఇవి వివరించడం కోసం నేను వేసుకున్న అంకెలు. వీటిని పట్టికగా వేస్తే ఆరు అంకెలు మాత్రమే కనిపిస్తాయి. ఆరు నిలువు కడ్డీలుగా వేసి, 8 దగ్గర ఒక ఎర్రటి అడ్డగీత లాగి, ఆ గీత పక్కనే "హద్దు: 8" అని రాస్తే, నాలుగో రాత్రి నుంచి కడ్డీలు గీత దాటాయని, ఆరో రాత్రికి వరుసగా మూడు అయ్యాయని చదువు రాని మనిషికి కూడా అర్థమవుతుంది. మూడు కొలతల్లో ఉబ్బెత్తుగా కనిపించే కడ్డీలు, మూలన రంగుల వివరణ గడి, వెనక గళ్ళు ఏవీ అక్కర్లేదు. అయితే కడ్డీలను ఒక్కొక్కటిగా తెప్పించడానికి యానిమేషన్ వాడుకోవచ్చు, "రేపు రాత్రి ఎన్ని పడతాయంటారు?" అని అడిగి తర్వాతి కడ్డీని చూపడం నాకు ఇష్టమైన పద్ధతి.

6. కరెంటు పోతుందనే లెక్కతో సర్దుకోండి

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ప్రొజెక్టరు ఆరిపోతుంది. కాయలు, బుట్ట, చార్టు ఉన్నాయి కాబట్టి మన సభ మాత్రం ఆగదు. సంచిలో ఉండవలసినవి: సొంత హెచ్‌డీఎంఐ కేబుల్, పాత ప్రొజెక్టరుకు వీజీఏ అడాప్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, పెన్‌డ్రైవ్‌లో రెండు రకాల ఫైళ్ళు, ఫోనులో పీడీఎఫ్, సెల్లో టేపు, ఓ రెండు ఎక్కువ మార్కర్లు. తెర మీద బొమ్మ రాకపోతే ముందుగా విండోస్ గుర్తున్న కీతో పాటు పి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి, సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. దీపంతో పనిచేసే పాత ప్రొజెక్టరును ఆపాక, లోపలి ఫ్యాను ఆగేదాకా ప్లగ్ పీకకూడదు.

7. నిలబడి, గొంతు విప్పి సాధన చేయండి

మనసులో చదువుకుంటే 15 నిమిషాలు పట్టింది పైకి చెబితే 25 అవుతుంది. అందువల్ల సాధన నిలబడి, గడియారం పెట్టుకుని, వస్తువులు చేతపట్టుకుని చేయాలి. కాయను కోస్తూ మాట్లాడటం అనుకున్నంత తేలిక కాదు, చూపు చాకు మీద ఉంటుంది, మాట ఆగిపోతుంది. అక్కడ ఆగడమే మంచిదని సాధనలోనే తెలుస్తుంది. ఈ విషయంతో సంబంధం లేని ఇంట్లోవారినెవరినైనా కూర్చోబెట్టి వినిపించి, చివర్లో "నేను ఏం చేయమన్నాను?" అని అడగండి. వాళ్ళు "20 కాయలు కోయమన్నారు" అంటే సిద్ధమైనట్టు. "పురుగుల గురించి ఏదో చెప్పారు" అంటే మొదటి మెట్టుకు తిరిగి వెళ్ళాలి.

పవర్‌పాయింట్‌లో నాలుగు మీటలు వేళ్ళకు అలవాటు కావాలి. ఎఫ్5 మొదటి స్లైడు నుంచి మొదలుపెడుతుంది. షిఫ్ట్‌తో ఎఫ్5 కలిపి నొక్కితే ఇప్పుడున్న స్లైడు నుంచి మొదలవుతుంది. ప్రదర్శన నడుస్తుండగా బి నొక్కితే తెర నల్లగా మారుతుంది, మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. స్లైడు అంకె టైపు చేసి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడుకు వెళ్ళవచ్చు. వీటిలో బి మీట విలువ ఎక్కువ: కాయను కోసేటప్పుడు తెరను నల్లగా చేయకపోతే సగం మంది తెర వైపే చూస్తుంటారు.

8. సభలో

మన సభల్లో మొదటి పది నిమిషాలు వేదిక మీది పెద్దల పేర్లకే పోతాయి. ఆ గౌరవాన్ని కాదనలేం, కానీ ఆ పనిని నిర్వాహకులకు ముందే అప్పగించవచ్చు. మీ వంతు రాగానే అందరికీ ఒక్క నమస్కారం పెట్టి, సంచిలోంచి కాయ తీయండి. "ఈ కాయ ఈ రోజు పొద్దున మీ ఊరి చేలోదే. బాగుందా, లేదా?" అని అడగండి. బాగుందంటారు. కోయండి. లోపల ఏముందో మీరు చెప్పకండి, ముందు వరుసలో ఉన్నవారిని చూసి చెప్పమనండి. పురుగు లేని కాయ తగిలితే కంగారు పడవద్దు, ఇంకోటి కోయండి; రెండు మూడు కాయల తర్వాత దొరికితే "అన్ని కాయల్లోనూ ఉండదు, అందుకే 20 కోయాలి" అన్న మాట దానంతటదే నిలబడుతుంది.

ఫొటో చూపినప్పుడు వెంటనే మాట్లాడకండి. అయిదు సెకన్లు ఊరుకోండి, చూడనివ్వండి, తర్వాత "ఏం కనిపిస్తోంది?" అని అడగండి. గ్రాఫు విషయంలో మాత్రం ఈ వరుస మారాలి: కింది గీత రాత్రులు, నిలువు గీత పురుగుల లెక్క అని ముందు చెప్పి, ఆ తర్వాతే అందులో ఏముందో చెప్పాలి. నిలబడే చోటు శ్రోతల వైపు నుంచి చూస్తే తెరకు ఎడమ పక్కన ఉండాలి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి, లైను పూర్తయిన చూపు తిరిగి మీ దగ్గరకే వస్తుంది. తెరకు వీపు తిప్పి శ్రోతల కళ్ళలోకి చూస్తూ మాట్లాడాలంటే స్లైడులో ఏముందో కంఠతా వచ్చి ఉండాలి. లేజర్ పాయింటరు చుక్క చేతి వణుకును పదింతలు చేసి చూపుతుంది, పొడవాటి కర్ర నయం.

ఒకసారి పత్తి ఏరే ఒక అమ్మను, "అమ్మా, ఏరేటప్పుడు ఇట్లాంటి కాయ కనిపిస్తే ఏం చేస్తారు?" అని అడిగాను. "గట్టు మీద పారేస్తం సారూ" అన్నారు. పారేసిన కాయలో పురుగు బతికే ఉంటుందని, ఆ కాయలను ఒకచోట పోగుచేసి నాశనం చేయాలని చెప్పే స్లైడు నా దగ్గర ఉంది. దాన్ని చూపే అవసరమే రాలేదు, పక్కనే కూర్చున్న ఇంకొకామె ఆ మాట తానే అనేశారు. అలాంటి చోట స్లైడును దాటేసి ముందుకు వెళ్ళడం నేర్చుకోవాలి, తయారు చేశాం కదా అని చూపించకూడదు.

అభ్యాసానికి అయిదుగురు చొప్పున జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక చేలో తెంపిన 20 కాయలు ఇవ్వండి. వంద కాయలకు అయిదు జట్లవుతాయి, మిగిలినవారు జట్ల చుట్టూ నిలబడి చూస్తారు. కోసి, లెక్కపెట్టి, ఎవరి అంకెను వారే వచ్చి చార్టు మీద రాయాలి. ఒక జట్టు 0 రాస్తుంది, ఇంకొకటి 3 రాస్తుంది. ఒకే ఊళ్ళో ఒక చేనుకు మందు అవసరం ఉందని, పక్క చేనుకు లేదని ఆ చార్టు చూసి వాళ్ళే తేలుస్తారు.

9. ప్రశ్నలు

ప్రశ్న అడిగినవారి గొంతు చివరి వరకు వినిపించదు, అందుకని ముందు దాన్ని మైకులో మీరు తిరిగి చెప్పండి. ఈ సభలో కచ్చితంగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈ విత్తనానికి కాయ పురుగు రాదన్నారు కదా, మరి ఎందుకొచ్చింది?" ఇక్కడే ఇందాక దాచుకున్న సమాచారం అక్కరకు వస్తుంది. కాయ పురుగులను తట్టుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చిందని, రెండు జన్యువులున్న బీజీ-2 రకం 2006లో వచ్చిందని, కాలక్రమంలో గులాబీ రంగు పురుగు ఆ రెండింటినీ తట్టుకునే శక్తి తెచ్చుకుందని, పంటను ఎక్కువ నెలలు చేలో ఉంచడం దానికి కలిసొచ్చిందని చెప్పే ఒక స్లైడును చివరి స్లైడు తర్వాత పెట్టుకోండి. ఆ ప్రశ్న రాగానే దాని అంకె టైపు చేసి ఎంటర్ నొక్కడమే. ఇలాంటివి నాలుగైదు ఉంచుకుంటే చాలు, ఎవరూ అడగకపోతే వాటిని చూపాల్సిన పని లేదు.

తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, అడిగినవారి పేరు, ఫోన్ నంబరు నోటు పుస్తకంలో రాసుకుని, రెండు రోజుల్లో జవాబు చెప్పాలి. మద్దతు ధర, బీమా, విత్తనాల కంపెనీల మీద కోపం కూడా వస్తాయి. వాటిని తోసిపుచ్చకుండా, "అన్నా, అది నిజమైన బాధే, దానికి జవాబు నా చేతిలో లేదు" అని మర్యాదగా చెప్పి, గోడ మీది చార్టుకు తిరిగి రావాలి.

10. వారం తర్వాత

చప్పట్లను బట్టి, "చాలా బాగా చెప్పారు సార్" అన్న మాటను బట్టి ప్రెజెంటేషన్ పనిచేసిందో లేదో తేల్చకండి. వారం తర్వాత సభకు వచ్చినవారిలో ఓ అయిదుగురికి ఫోన్ చేసి, కాయలు కోశారా, ఎన్ని కోశారు, ఎన్ని పురుగులు కనిపించాయి అని అడగండి. కోయలేదన్నవారిని ఎందుకు కోయలేదో కూడా అడిగి రాసుకోండి. నేను మొదటిసారి అలా ఫోన్లు చేసినప్పుడు ఒకాయన, "20 ఎక్కడి నుంచి తెంపాలో చెప్పలేదు కదా సార్, ఒకే చెట్టుకా, చేనంతానా?" అన్నారు. చేనంతా తిరిగి అక్కడొకటి ఇక్కడొకటి తెంపాలన్న మాట నిజంగానే నా ప్రసంగంలో లేదు. మరుసటి సభకు చేను గీసి, అందులో 20 చుక్కలు చెదిరినట్టు పెట్టిన ఒక చార్టు తయారైంది.